తరగతి గదిలో సమకాలీన సమస్యలు - ఒక అధ్యాపకుని అభిప్రాయం

విద్యకు, జీవితానికి నడుమ నానాటికీ అగాధం పెరిగిపోతున్నదని మన విద్యావేత్తలు సభలలో వాపోవడం పరిపాటి అయినది. వినేవారు తలలూపుతారు. సభ ముగుస్తుంది. మరునాడు ఉదయం గంట కొట్టగానే అధ్యాపకుడు నిరుటి నోట్సు తెరచి, నిరుటి ఉదాహరణలతోనే పాఠం మొదలుపెడతాడు. ముప్పది రెండేళ్లపాటు నేనూ ఆ పనే చేసినవాడిని గనుక ఇందులో ఇతరులను నిందించే అధికారం నాకు లేదు. కళాశాల వార్షిక సంచికకు ఏదైనా వ్రాయవలసినదని సంపాదకవర్గంలోని విద్యార్థులు కోరినపుడు, ఆ అగాధాన్ని వర్ణించడం కంటె, దానిని దాటబోయి నేను ఒకసారి కాలు జారిన వైనం చెప్పడమే ఉచితమని తోచినది.

మొదట ఒక అపోహను తొలగించుకోవలసి ఉన్నది. 'వర్తమాన వ్యవహారాలు' అనగానే నేటి విద్యార్థికి స్ఫురించేది పోటీపరీక్షల పుస్తకం. ఏ దేశానికి ఎవరు అధ్యక్షుడు, ఏ పురస్కారం ఎవరికి దక్కినది, ఏ వంతెన పొడవెంత - ఇవన్నీ కంఠస్థం చేసి, పరీక్ష గడచిన వారానికే మరచిపోయే సంగతులు. వీటిని కించపరచడం నా ఉద్దేశం కాదు, ఉద్యోగం రావలె గదా! కాని నేను చెప్పదలచినది వేరు. ఊరిలో జరిగిన సంఘటన, ఇంటిలో అనుభవిస్తున్న బాధ, నిన్న పత్రికలో వచ్చిన వార్త - ఇవి గణితంలో లెక్కగా, భూగోళంలో పటంగా, భాషాపాఠంలో లేఖగా, విజ్ఞానశాస్త్రంలో ప్రశ్నగా ప్రవేశించాలి. వారానికి ఒక పీరియడు కేటాయించి, దానికి 'సామాజిక సమస్యల గంట' అని పేరు పెట్టడం వలన ప్రయోజనం స్వల్పం. ఆ గంటలో ఉపాధ్యాయుడు ఉపన్యసిస్తాడు, పిల్లలు ఆవులిస్తారు.

ఇక నా కథ. శ్రీకాకుళం జిల్లా ఉత్తరపు కొసన ఇచ్ఛాపురం, కవిటి, సోంపేట, కంచిలి, మందస, పలాస, వజ్రపుకొత్తూరు మండలాలు ఉన్నవి. కొబ్బరి, జీడిమామిడి, పనస తోటలతో ఉద్యానం వలె ఉండుటచేత ఆ ప్రాంతానికి ఉద్దానమనే పేరు వచ్చినదంటారు. ఆ పచ్చదనం క్రింద దశాబ్దాలుగా దీర్ఘకాలిక మూత్రపిండ వ్యాధి కాపురం చేస్తున్నది. మధుమేహం గాని, రక్తపోటు గాని ఎరుగని రైతులకు, కూలీలకు సైతం ఈ వ్యాధి రావడం వైద్యులను కలవరపెట్టిన విషయం. 2010 ప్రాంతంలో నేను ఆ వైపు ఒక జూనియర్ కళాశాలలో జంతుశాస్త్రం బోధించేవాడిని. విసర్జక వ్యవస్థ పాఠం వచ్చినది. మనిషి రెండు మూత్రపిండాలు కలిసి రోజుకు సుమారు 180 లీటర్ల ద్రవాన్ని వడకడతాయి, అందులో లీటరున్నర మాత్రమే బయటకు పోతుంది, మిగిలినదంతా శరీరం తిరిగి గ్రహిస్తుంది. ఈ అద్భుతాన్ని ఏటా చెప్పినట్లే చెప్పి ఊరుకుంటే బాగుండేది. ఆనాడు నాకు ఉత్సాహం పుట్టినది. 'మన ఉద్దానాన్నే తీసుకోండి' అంటూ నల్లబల్ల మీద క్రియాటినిన్ అంకెలు వేసి, ఇంత ఉంటే ఆరోగ్యం, ఇంత దాటితే రోగం, ఇంత దాటితే ఇక డయాలిసిస్ తప్పదు, ఆ తరువాత రోజులు లెక్కపెట్టుకోవడమే అని వివరించాను. దీనికంతటికీ కారణం ఇక్కడి బోరునీళ్లేనని కూడా నిస్సంకోచంగా తేల్చివేశాను.

మూడవ బెంచీలోని బాలుడొకడు లేచి, అనుమతి అడగకుండా వెళ్లిపోయాడు. నేను కోపగించుకున్నాను. తరగతి ముగిశాక ప్రక్కనున్న పిల్లలు చెప్పారు: వాడి తండ్రి వారానికి రెండుసార్లు విశాఖపట్టణం వెళ్లి డయాలిసిస్ చేయించుకుని వస్తున్నాడట. అనగా, నేను నల్లబల్ల మీద వేసిన అంకెలలో వాడు తన తండ్రి అంకెను చూశాడు. దాని ప్రక్కన నేను పలికిన మాటను విన్నాడు.

మూడు రోజుల తరువాత వచ్చినపుడు వాడిని అధ్యాపకుల గదికి పిలిచి, పొరపాటు చేశాననీ, మనసులో పెట్టుకోవద్దనీ చెప్పాను. వాడు చాలాసేపు నేల చూస్తూ నిలబడి, చివరికి ఒక్కమాట అన్నాడు. "మాస్టారండీ, నీళ్లే కారణమైతే మా యమ్మ కూడా అవే నీళ్లు తాగుతాది గదండీ. ఆవిడకెందుకు రానేదు?"

నాకు సమాధానం తెలియదు. తెలియకుండానే తేల్చి చెప్పాను. నేను ఎం.ఎస్‌సీ. చదివి, ఏళ్ల తరబడి శాస్త్రీయ పద్ధతి గురించి పాఠాలు చెప్పి కూడా అడగవలసిన ప్రశ్న అడగలేదు. ఆ బాలుడు ఇంటి అరుగు మీద కూర్చుని అడిగాడు. 'ఈ ప్రశ్న తరగతిలో వేయవచ్చునా? నీ పేరు చెప్పను' అన్నాను. తలూపాడు. మరుసటి వారంలో రెండు రోజులు ఆ ప్రశ్నతోనే గడచినవి. నీరు, పురుగుమందులు, ఎండలో నీళ్లు త్రాగకుండా చేసే కాయకష్టం, నొప్పి తెలియకుండా మింగే మాత్రలు - ఇలా పిల్లలే ఒక్కొక్క అనుమానం చెప్పారు. ఒక్కొక్క అనుమానం నిజమైతే ఏమి కనిపించాలి, ఏది కనిపిస్తే అది అబద్ధమవుతుంది అని వారే పట్టిక గీశారు. ఒకే బావి నీరు త్రాగే రెండు కుటుంబాలలో ఒకరికే వ్యాధి ఉంటే అది దేనిని సూచిస్తుంది? తోటపని మాని పట్నం వెళ్లినవారికి కూడా వస్తే? విసర్జక వ్యవస్థ పాఠాన్ని అంత లోతుగా నేను అంతకు ముందెన్నడూ చెప్పలేదు. సత్యం చెప్పాలంటే ఆనాడు చెప్పినది కూడా నేను కాదు.

శ్రీలంక ఉత్తర మధ్య రాష్ట్రంలోని వరిరైతులకు, మధ్య అమెరికాలో ఎల్ సాల్వడోర్, నికరాగ్వా దేశాల చెరకు కూలీలకు ఇటువంటి వ్యాధే ఉన్నది. అక్కడా పరిశోధకులు ఇవే అనుమానాల చుట్టూ తిరుగుతున్నారు. 2023 డిసెంబరులో పలాసలో మూత్రపిండ వ్యాధుల పరిశోధనా కేంద్రం, 200 పడకల ఆసుపత్రి, ఉద్దానానికి హిరమండలం జలాశయం నుండి మంచినీటి పథకం ప్రారంభమయినవి. అయినప్పటికీ ఇదిగో ఇదే కారణమని విజ్ఞానశాస్త్రం నేటికీ నిర్ధారించలేదు. పాఠ్యపుస్తకంలో అన్ని ప్రశ్నలకూ సమాధానాలు అధ్యాయం చివర ఉంటాయి. సమాధానం ఇంకా దొరకని ప్రశ్న ఎలా ఉంటుందో చూడాలంటే మన విద్యార్థికి విదేశాలకు పోనక్కరలేదు, సోంపేట బస్సు ఎక్కితే చాలు.

ఈ అనుభవం నుండి నేను గ్రహించినది ఇది. దూరపు సంఘటనను తరగతిలోకి తీసుకురావడం సులువు. 1984 నాటి భోపాల్ విషవాయువు గురించి నేను ఎన్నోమార్లు చెప్పాను. ఎవరూ లేచి వెళ్లలేదు. దగ్గరి సంఘటన అలా కాదు. దాని తాలూకు మనిషి తరగతిలోనే కూర్చుని ఉంటాడు. ఆ మనిషి ఉన్నాడని భయపడి దానిని విడిచిపెట్టేవారు కొందరు. ఉన్నాడన్న స్పృహ లేకుండా ఉదాహరణగా వాడుకునేవారు, నా వంటివారు, మరికొందరు. ఆ మనిషికి ఎంత తెలుసునో ముందుగా విని, అతని అనుమతితో, అతని ప్రశ్న నుండి పాఠం మొదలుపెట్టడమే సరియైన మార్గమని నా దృఢాభిప్రాయం.

ఇది నూతన సిద్ధాంతమేమీ కాదు. మన ప్రాంతానికి ఇది పాత సంప్రదాయం. విజయనగరంలో ఆనందగజపతి మహారాజు కాలంలో, నాటి విశాఖపట్టణ మండలంలోని బ్రాహ్మణ కుటుంబాలలో జరిగే శుల్క వివాహాలకు ఒక జాబితా తయారయినది. మహారాజా కళాశాలలో అధ్యాపకత్వం నెరపిన గురజాడ అప్పారావు, 1897లో అచ్చయిన 'కన్యాశుల్కం' తొలి కూర్పు పీఠికలో ఆ లెక్కలను ఉదహరించాడు. మూడేళ్లలో నమోదైన వివాహాలు 1034. పెండ్లికూతుళ్లలో అయిదేళ్ల వయసువారు 99 మంది. ఏడాది నిండిన శిశువులు ముగ్గురు. గిరీశం, మధురవాణి, రామప్పంతులు పుట్టిన పురిటిగది ఈ పట్టిక. మనమేమో ఆ నాటకాన్ని తరగతిలో హాస్యరస ప్రధానమని బోధించి, పాత్రచిత్రణ మీద పది మార్కుల ప్రశ్న ఇచ్చి పంపివేస్తున్నాము. ఆడపిల్లకు 18 ఏళ్లు నిండనిదే వివాహం కూడదని 2006 నాటి చట్టం శాసిస్తున్నది. తొమ్మిదవ తరగతి హాజరు పట్టీలో ఉన్న ఆడపిల్ల పేరు పదవ తరగతి పట్టీలో ఎందుకు లేదని ఏ తెలుగు పండితుడైనా కన్యాశుల్కం పాఠం చెప్పేటపుడు ఒక్కసారి వెనుదిరిగి చూచాడా? గురజాడకు అది ప్రాచీన సాహిత్యం కాదు గదా, ఆ వారపు వార్త.

పర్లాకిమిడిలో ఉపాధ్యాయుడైన గిడుగు రామమూర్తి సవరల భాష నేర్చి, సవర పిల్లలకు వారి భాషలోనే వాచకాలు వ్రాసి, పాఠశాలలు పెట్టిన సంగతి అందరికీ తెలిసినదే. ఆయన తెలుగు భాషకు చేసిన సేవను ఏటా ఆగస్టు 29న స్మరించుకుంటున్నాము, మంచిదే. కాని పిల్లవాడి బ్రతుకు పాఠంలోకి రావాలంటే ముందు పిల్లవాడి మాట రావాలని ఆయన గ్రహించిన తీరును బోధనాశాస్త్రం పరీక్షలలో ఎవరూ అడగరు. 'రానేదు' అన్న బాలుడిని 'రాలేదు అనాలిరా' అని నేను ఆనాడు సరిదిద్ది ఉంటే ప్రశ్న అక్కడే చచ్చిపోయేది.

ఇప్పుడు ఒక కష్టమైన విషయం చెప్పక తప్పదు. మన జిల్లాలలో ఉపాధ్యాయుడు సామాజిక సమస్యల గురించి నోరు విప్పితే ప్రధానోపాధ్యాయుని ముఖం వివర్ణం కావడానికి చారిత్రక కారణమొకటి ఉన్నది. పార్వతీపురం ఏజెన్సీలో వెంపటాపు సత్యనారాయణ, ఆదిభట్ల కైలాసం ఉపాధ్యాయులు. గిరిజనుల అప్పులు, అన్యాక్రాంతమైన భూములు, వెట్టి - ఈ సమస్యలతో మొదలైన వారి కృషి, 1967 అక్టోబరు 31న లేవిడి వద్ద ఇద్దరు గిరిజనులు హతమైన తరువాత సాయుధ పోరాటంగా మారినది. 1970 జూలైలో వారిరువురూ ఎదురుకాల్పులలో మరణించినట్లు పోలీసులు ప్రకటించారు. అటు తరువాత ఒక తరంపాటు ఈ జిల్లాల బడులలో 'పుస్తకంలో ఉన్నది చెప్పు, జీతం పుచ్చుకో' అన్నదే అలిఖిత నియమం. ఆ భయాన్ని నేను పరిహసించను. కేసులలో ఇరుక్కుని ఇల్లూ వాకిలీ పోగొట్టుకున్నవారు ఉన్నారు, ఉభయపక్షాలా బిడ్డలను పోగొట్టుకున్న తల్లులున్నారు.

కాని భయపడి వదిలిన చరిత్ర పోదు, గుసగుసగా మిగులుతుంది. పిల్లలు దానిని పాటగానో, శాపంగానో వింటారు, పాఠంగా మాత్రం వినరు. అధ్యాపకుని పని అనుచరులను చేర్చుకోవడం కాదు. ఆ పని చేసినవాడు, ఏ పక్షం వాడైనా, తరగతికి ద్రోహం చేసినట్లే. ఏజెన్సీ భూముల బదలాయింపుపై 1959 నాటి నిబంధనను, దానికి 1970లో వచ్చిన సవరణను విద్యార్థుల చేత చదివించడం అధ్యాపకుని పని. గిరిజన ప్రాంతంలో గిరిజనేతరుని చేతి నుండి గిరిజనేతరునికి సైతం భూమి మారరాదని ఆ సవరణ ఎందుకు శాసించినది? ఆ సంవత్సరమే ఎందుకు వచ్చినది? 1997లో సమత కేసులో సుప్రీంకోర్టు ప్రభుత్వం కూడా ఆ భూములను ప్రైవేటు గనులకు లీజుకు ఇవ్వరాదని ఏ తర్కంతో తీర్పు చెప్పినది? ఈ పత్రాలు రహస్యాలు కావు. వీటిని చదివి ఇద్దరు విద్యార్థులు రెండు అభిప్రాయాలకు వస్తే ఆ గంట సార్థకమైనట్లే. 'మరి మీ అభిప్రాయమేమిటి సార్?' అని అడిగితే దాచనక్కరలేదు. చివర చెప్పాలి, దానికి మార్కులతో సంబంధం లేదని ముందుగా చెప్పాలి.

పాఠం ఊరికే పాఠంగా ఉండిపోదని చెప్పడానికి నెల్లూరు జిల్లా దూబగుంట చాలు. అక్షరాస్యతా ఉద్యమంలో స్త్రీల కోసం తయారుచేసిన వాచకంలో సీతమ్మ కథ అని ఒక పాఠం ఉండేది. త్రాగుబోతు భర్తతో వేగలేని ఇల్లాలి కథ. రాత్రిబడిలో చదివిన స్త్రీలు అది తమ ఇంటి కథేనని గుర్తుపట్టారు. 1992లో సారా దుకాణం మూయించారు. వారి ముందు నిలిచిన దూబగుంట రోశమ్మ పేరు రాష్ట్రమంతా మారుమ్రోగినది. 1993 అక్టోబరులో సారా నిషేధం, 1995 జనవరిలో సంపూర్ణ మద్యనిషేధం వచ్చినవి. సంపూర్ణ నిషేధం 1997లో సడలిపోయినదన్నది వేరే సంగతి. బ్రెజిల్‌లో పాలో ఫ్రెయిరే 1963లో అంగికోస్ అనే ఊరిలో 300 మంది శ్రామికులకు 40 గంటలలో చదువు నేర్పే ప్రయత్నం చేసినపుడు కూడా అక్షరాలను వారి బ్రతుకులోని మాటల నుండే ఏరుకున్నాడు. మరుసటి సంవత్సరమే సైనిక ప్రభుత్వం వచ్చి ఆయనను చెరసాలలో పెట్టి, దేశం విడిచిపోయేటట్లు చేసినది. అక్షరమాలకు ప్రభుత్వాలు భయపడతాయని ఆయనకైనా ముందుగా తెలుసునో లేదో!

మన కళాశాల వంటి చోట ఇంకొక సౌకర్యం ఉన్నది. ఇక్కడ ఉర్దూ చదివేవారు, తెలుగు చదివేవారు ఒకే వరండాలో తిరుగుతారు. ఒకే వార్తను రెండు భాషల పత్రికలలో చదివి పోల్చగల అవకాశం ఎన్ని కళాశాలలకు ఉన్నది? ఒక ఉదాహరణ చెబుతాను. 2018 నవంబరులో గుజరాత్ తీరం నుండి వేటకు వెళ్లిన మన ఉత్తరాంధ్ర మత్స్యకారులు పాకిస్తాన్ వారికి పట్టుబడి, కరాచీ చెరలో ఏడాదికి పైగా గడిపి, 2020 జనవరిలో 20 మంది వాఘా సరిహద్దు మీదుగా విడుదలై వచ్చారు. 2025లో ఈ ఉదంతం ఆధారంగా చలనచిత్రం కూడా వచ్చినది గనుక విద్యార్థులకు సుపరిచితమే. చలనచిత్రం ముగిసిన చోట భూగోళ పాఠం మొదలు కావాలి. 193 కిలోమీటర్ల సముద్రతీరం గల శ్రీకాకుళం జిల్లా మత్స్యకారుడు వెరావల్ దాకా ఎందుకు వలసపోతున్నాడు? దేశపు ప్రాదేశిక జలాలు తీరం నుండి 12 నాటికల్ మైళ్లు, అనగా సుమారు 22 కిలోమీటర్లు. నీటిమీద ఆ గీతను ఎవరు చూస్తారు, ఏ పరికరంతో చూస్తారు?

ఇక్కడ కూడా మూడవ బెంచీ ఉన్నది. 'పాకిస్తాన్' అన్న మాట తరగతిలో పలికిన మరుక్షణం కొన్ని తలలు ఒక వైపుకు తిరుగుతాయి. ఎటు తిరుగుతాయో ఈ కళాశాల విద్యార్థులకు నేను చెప్పనక్కరలేదు. 2020లో కరోనా వార్తలతో పాటు ఫోనులలో వచ్చిన వదంతులు రోగానికి కూడా మతం అంటగట్టినపుడు ఇటువంటి చూపులే ఎంతమందిని బాధించినవో! ఆ చూపును చూడనట్లు నటించే అధ్యాపకుడు తటస్థుడు కాడు. దానికి జవాబు నీతిబోధ కూడా కాదు. మరొక పత్రం ముందుంచడం. 2008 నాటి ఒప్పందం ప్రకారం భారత, పాకిస్తాన్ ప్రభుత్వాలు ఏటా జనవరి 1న, జూలై 1న తమ చెరలలో ఉన్న ఎదుటి దేశపు ఖైదీల, మత్స్యకారుల జాబితాలను మార్చుకుంటాయి. ఆ వార్తను రెండు భాషల పత్రికలలోనూ చదివించండి. మన చెరసాలలలోనూ అటువైపు జాలరులు ఉన్నారని, వారి ఇళ్లలోనూ ఒక స్త్రీ తీరం చూస్తూ కూర్చుంటుందని అంకెలే చెబుతాయి. అప్పుడు తలలు తిరగడం మాని పత్రిక మీదికి వంగుతాయి. నేను కన్నదే చెబుతున్నాను.

తుపానుల విషయం అందరికీ తెలిసినదే గనుక క్లుప్తంగా ముగిస్తాను. ఫైలిన్ 2013 అక్టోబరు 12న గోపాలపూర్ వద్ద, హుద్‌హుద్ 2014 అక్టోబరు 12న విశాఖపట్టణం వద్ద, తిత్లీ 2018 అక్టోబరు 11న పలాస చేరువలో తీరం దాటినవి. ఈ మూడు తేదీలు నల్లబల్ల మీద వ్రాసి 'అక్టోబరులోనే ఎందుకు?' అని అడిగితే, ఋతుపవనాల పాఠం వల్లె వేయనక్కరలేదు. తిత్లీకి కూలిన కొబ్బరితోట మళ్లీ కాపుకు రావడానికి ఎన్నేళ్లు, ఆ ఏళ్లలో పోయిన రాబడి ఎంత, ఇచ్చిన నష్టపరిహారం అందులో ఎన్నవ వంతు - చక్రవడ్డీ లెక్కలలోని రాముడు, సోముడు ఎప్పుడైనా ఇంత నమ్మదగిన లెక్క చేశారా? కావలసిన అంకెలు ఏ పుస్తకంలోనూ వెదకనక్కరలేదు, తాతను అడిగితే చెబుతాడు.

'ఇదంతా సిలబస్‌లో ఉన్నదా?' అని ఒక పర్యవేక్షణాధికారి నన్ను అడిగారు. లేదు. జాతీయ పాఠ్యప్రణాళికా చట్రం 2005లో మాత్రం, బడి బయటి జీవితంతో చదువును ముడిపెట్టాలన్నది మొట్టమొదటి సూత్రంగా ఉన్నది. ఆ మాట చెబితే ఆయన నవ్వి, 'అది చట్రమండీ, ఇది పరీక్ష' అన్నారు. ఆయన మాటలో నిజం లేకపోలేదు. ప్రశ్నపత్రం మారనంత కాలం ఈ పని అధ్యాపకుని సొంత పూచీ మీదనే జరగాలి. రోజుకు ఒక పాఠంలో ఒక ఉదాహరణ మార్చడానికి అయిదు నిమిషాలు పడుతుంది. ఆ అయిదు నిమిషాలు హాజరు పిలవడంలో ఎన్నోసార్లు పోగొట్టాము. నష్టమల్లా ఒకటే: ముందురోజు రాత్రి అధ్యాపకుడు చదువుకోవలసి వస్తుంది.

చివరగా ఈ కళాశాల విద్యార్థులకు ఒక విన్నపం. 2014 జూన్ 28న చెన్నై శివారు మౌలివాక్కంలో నిర్మాణంలో ఉన్న 11 అంతస్తుల భవనం కూలి 61 మంది మరణించారు. వారిలో అనేకులు మన శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల కూలీలు. శవపేటికలు వచ్చిన ఊళ్ల పేర్లు అప్పుడు పత్రికలలో చదివాము, తరువాత మరచిపోయాము. హైదరాబాదుకు, చెన్నైకి, గుజరాత్ తీరానికి, గల్ఫ్ దేశాలకు మన ఇళ్ల నుండి ఎవరెవరు వెళ్లారు, ఏ పని చేస్తున్నారు, ఏ వయసులో వెళ్లారు, చదువు ఎక్కడ ఆగినది - మీ మీ వీధుల వరకు, ఇంటివారి అనుమతి తీసుకుని, పేర్లు లేకుండా వ్రాసి తీసుకురండి. అర్థశాస్త్రం వారు కూడికలు చేయవచ్చు, భూగోళం వారు పటం గీయవచ్చు, ఉర్దూ, తెలుగు శాఖల వారు ఉత్తరాలను సేకరించవచ్చు. మా ఇంటి లెక్క నేనే మొదట ఇస్తాను: ఇద్దరు, ఒకరు దుబాయిలో, ఒకరు చెన్నైలో. విజయనగరంలో ఒకప్పుడు 1034 పేర్లతో ఒక జాబితా తయారయినది. మీ జాబితా ఎంత చిన్నదైనా వచ్చే ఏటి సంచికలో అచ్చు వేయవలసినదని సంపాదకవర్గాన్ని ఇప్పుడే కోరుతున్నాను.